వర్జీనియా 2019: ఆ ఏడాది రాజకీయాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తర వర్జీనియాలోని లౌడన్, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీల్లోనూ, రిచ్‌మండ్ చుట్టుపక్కలా తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వైట్‌హౌస్‌లో ఏం జరుగుతోందో మన ఇళ్లలో రోజూ మాట్లాడుకుంటాం. రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లో ఏం జరుగుతోందో పట్టించుకునేవాళ్లు తక్కువ. కానీ స్కూళ్లు, రోడ్లు, తుపాకీ చట్టాలు, పేదల ఆరోగ్య బీమా లాంటివి ఎక్కువగా తేలేది అక్కడే. ఈ సంగతి ఒక్క ఏడాదితో చెప్పమంటే నేను 2019నే ఎంచుకుంటాను. ఆ ఏడాది హెడ్‌లైన్లన్నీ 'ఎవరు రాజీనామా చేయాలి' అన్న ప్రశ్న చుట్టూ తిరిగాయి. రాష్ట్రాన్ని మార్చింది మాత్రం నియోజకవర్గాల మ్యాపు మీద ఒక కోర్టు తీర్పు, నవంబర్‌లో కదిలొచ్చిన ఓటర్లు.

ముందు ఇది చెప్పండి, వర్జీనియాలో ప్రభుత్వం ఎలా ఉంటుంది?

ఇక్కడి గవర్నర్ అంటే మన రాష్ట్రాల్లో కేంద్రం నియమించే గవర్నర్ లాంటివారు కాదు. ప్రజలు నేరుగా ఎన్నుకుంటారు, అధికారాలు మన ముఖ్యమంత్రికి ఉన్నట్టు ఉంటాయి. లెఫ్టినెంట్ గవర్నర్‌నూ, అటార్నీ జనరల్‌నూ కూడా ప్రజలే విడివిడిగా ఎన్నుకుంటారు. గవర్నర్ వరుసగా రెండోసారి పోటీ చేయడానికి వీల్లేదు. అమెరికాలో ఈ నిబంధన ఇంకా ఉన్నది ఈ ఒక్క రాష్ట్రంలోనే.

శాసనసభలో రెండు సభలు. హౌస్ ఆఫ్ డెలిగేట్స్‌లో 100 మంది, పదవీకాలం రెండేళ్లు. సెనేట్‌లో 40 మంది, నాలుగేళ్లు. వీళ్లకు ఇది పూర్తికాలపు ఉద్యోగం కాదు. జీతం ఏడాదికి 18,000 డాలర్లకు మించదు కాబట్టి లాయర్లు, టీచర్లు, డాక్టర్లు తమ పని చేసుకుంటూనే సభకు వస్తారు. సరిసంఖ్య సంవత్సరాల్లో సభ 60 రోజులు నడుస్తుంది, బేసి సంవత్సరాల్లో ఇంకా తక్కువ.

ఇంకో ముఖ్యమైన విషయం: రాష్ట్ర ఎన్నికలు బేసి సంవత్సరాల్లో వస్తాయి. అధ్యక్ష ఎన్నికల హడావుడి అప్పుడు ఉండదు. అందుకే ఓటింగ్ బాగా పడిపోతుంది. 2015లో ఈ రెండు సభల స్థానాలకు ఎన్నికలు జరిగితే ఓటేసినవాళ్లు సుమారు 29 శాతమే.

గవర్నర్ ఫొటో గొడవ ఏమిటి?

రాల్ఫ్ నార్తమ్ పిల్లల నరాల డాక్టరు. సైన్యంలో వైద్యుడిగా పనిచేశారు. 2017లో డెమోక్రాట్‌గా గవర్నర్ పదవికి గెలిచారు. 2019 ఫిబ్రవరి 1న ఒక వెబ్‌సైట్ ఆయన మెడికల్ కాలేజీ 1984 ఇయర్‌బుక్‌లో ఆయన పేరున్న పేజీని బయటపెట్టింది. అందులో ఇద్దరున్న ఒక ఫొటో ఉంది. ఒకరు ముఖానికి నల్లరంగు పూసుకుని ఉన్నారు. ఇంకొకరు తెల్లజాతి అహంకారుల ముఠా కూ క్లక్స్ క్లాన్ ముసుగు, అంగీ వేసుకుని ఉన్నారు.

ఆ రాత్రే ఆయన క్షమాపణ చెప్పారు, ఆ ఫొటోలో ఉన్నందుకు. మర్నాడు ప్రెస్‌మీట్ పెట్టి, ఆ ఇద్దరిలో నేను లేను అన్నారు. అయితే 1984లోనే ఒక డాన్స్ పోటీలో మైకేల్ జాక్సన్ వేషం కోసం ముఖానికి రంగు పూసుకున్నానని తనంతట తానే చెప్పారు. మూన్‌వాక్ ఇప్పటికీ చేయగలరా అని ఒక విలేఖరి అడిగితే ఆయన చేయడానికి చోటు వెతుకుతున్నట్టు పక్కకు చూశారు. ఇది దానికి సందర్భం కాదని పక్కనున్న భార్య పామ్ ఆపారు. సాయంత్రానికి సొంత పార్టీలోని పెద్ద నాయకులు కూడా దిగిపొమ్మన్నారు. ఆ ఫొటోలో ఉన్నది ఎవరన్నది కాలేజీ నియమించిన న్యాయసంస్థ కూడా తేల్చలేకపోయింది. మే నెలలో వచ్చిన వాళ్ల నివేదిక సారాంశం అదే.

వేషం కోసం రంగు పూసుకుంటే అంత పెద్ద తప్పా?

ఇది నిజాయతీగా అడిగే ప్రశ్నే, దాచుకోవాల్సిన పని లేదు. మన నాటకాల్లో, వీధి భాగోతాల్లో ముఖానికి రంగు పూసుకోవడం కళలో భాగం. అమెరికాలో దాని చరిత్ర వేరు. పంతొమ్మిదో శతాబ్దంలో తెల్ల నటులు నల్లరంగు పూసుకుని, బానిసలుగా ఉన్న మనుషుల్ని మొద్దులుగా, సోమరులుగా చూపిస్తూ ఊరూరా ప్రదర్శనలిచ్చారు. వీళ్లు మనతో సమానం కాదు అని జనం మెదళ్లలో ఎక్కించడంలో ఆ ప్రదర్శనల పాత్ర చాలా పెద్దది. క్లాన్ ముసుగు సంగతి చెప్పనక్కర్లేదు, అది హత్యలు చేసిన ముఠా గుర్తు.

పైగా ఇది వర్జీనియా. అంతర్యుద్ధంలో బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది రాష్ట్రాల రాజధాని రిచ్‌మండే. 1954లో సుప్రీంకోర్టు నల్ల, తెల్ల పిల్లలకు వేర్వేరు బడులు చెల్లవని తీర్పిస్తే, ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ 1959 నుంచి 1964 దాకా ప్రభుత్వ బడులన్నిటినీ మూసేసింది, కలిపి చదివించడం ఇష్టంలేక. అప్పుడు బడి పోగొట్టుకున్న పిల్లల్లో చాలామంది 2019 నాటికి అరవైలు, డెబ్భైల వయసులో ఉన్నారు. 2017 ఆగస్టులో శార్లట్స్‌విల్‌లో తెల్లజాతి అహంకారులు కాగడాలు పట్టుకుని ఊరేగిన సంఘటనకు ఏడాదిన్నరే అయింది. అంత పచ్చిగా ఉన్న గాయం మీద పడింది ఆ ఫొటో.

నార్తమ్ తర్వాతి ఇద్దరి మీద కూడా ఆరోపణలు వచ్చాయంటారు, నిజమేనా?

నిజమే, అదీ వారం రోజుల లోపలే. గవర్నర్ దిగిపోతే ఆ కుర్చీ లెఫ్టినెంట్ గవర్నర్ జస్టిన్ ఫెయిర్‌ఫాక్స్‌ది. వర్జీనియాలో రాష్ట్రస్థాయి పదవికి గెలిచిన రెండో నల్లజాతి నాయకుడు ఆయన. నార్తమ్ గొడవ మొదలైన కొద్ది రోజులకే ఫెయిర్‌ఫాక్స్ మీద ఇద్దరు మహిళలు ఒకరి తర్వాత ఒకరు లైంగిక దాడి ఆరోపణలు చేశారు. ఆ ఘటనలు 2000, 2004 సంవత్సరాల్లో జరిగాయని చెప్పారు. ఇష్టంతోనే జరిగిందని ఆయన వాదించారు. కేసు నమోదు కాలేదు, పదవి వదల్లేదు.

ఆ తర్వాతి వరుసలో అటార్నీ జనరల్ మార్క్ హెరింగ్. నార్తమ్ దిగిపోవాలని ముందు అడిగినవాళ్లలో ఆయనా ఒకరు. ఫిబ్రవరి 6న ఆయనే బయటికి వచ్చి, 1980లో పందొమ్మిదేళ్ల విద్యార్థిగా ఒక పార్టీకి ర్యాపర్ వేషంలో ముఖానికి రంగు పూసుకుని వెళ్లానని ఒప్పుకున్నారు.

ముగ్గురూ దిగిపోయి ఉంటే ఏమయ్యేది?

నాలుగో మనిషి హౌస్ స్పీకర్ కర్క్ కాక్స్, రిపబ్లికన్. అంటే ప్రజలు మూడు పదవులకూ డెమోక్రాట్లను ఎన్నుకుంటే, ప్రభుత్వం అవతలి పార్టీ చేతికి వెళ్లేది.

కాక్స్ స్పీకర్ అయిన తీరు కూడా చెప్పుకోవాలి. 2017 ఎన్నికల్లో న్యూపోర్ట్ న్యూస్‌లోని 94వ నియోజకవర్గంలో డెమోక్రాట్ షెల్లీ సైమండ్స్, రిపబ్లికన్ డేవిడ్ యాన్సీ పోటీపడ్డారు. రీకౌంటింగ్‌లో సైమండ్స్ ఒక్క ఓటుతో గెలిచారు. మర్నాడు ముగ్గురు జడ్జీలు పక్కన పెట్టిన ఒక బ్యాలెట్‌ను యాన్సీకి లెక్కగట్టారు. ఇద్దరికీ చెరి 11,608 ఓట్లు. చివరికి 2018 జనవరి 4న ఇద్దరి పేర్లూ పాత ఫిల్మ్ డబ్బీల్లో పెట్టి, ఒక పింగాణీ గిన్నెలో వేసి తీశారు. మన దగ్గర కూడా ఓట్లు సమానమైతే చట్టప్రకారం లాటరీయే కదా. యాన్సీ పేరు వచ్చింది. దాంతో హౌస్ 51-49తో రిపబ్లికన్ల చేతిలో నిలిచింది, కాక్స్ స్పీకర్ అయ్యారు. సైమండ్స్ పేరు వచ్చుంటే సభ 50-50. మన ఒక్క ఓటుతో ఏమవుతుంది అనే స్నేహితులకు నేను ముందు చెప్పేది ఈ కథే.

మరి నార్తమ్ ఎందుకు దిగిపోలేదు?

ఆయన తర్వాత రావాల్సినవాళ్లూ ఇరుక్కోవడం ఒక కారణం. కానీ అదొక్కటే అనడం తేలికైన జవాబు. వాషింగ్టన్ పోస్ట్ పత్రిక, జార్జ్ మేసన్ యూనివర్సిటీలోని షార్ స్కూల్ కలిసి ఆ నెలలో చేసిన సర్వేలో రాష్ట్రం సరిగ్గా రెండుగా చీలింది. దిగిపోవాలని 47 శాతం, ఉండాలని 47 శాతం. నల్లజాతివారిలో మాత్రం 58 శాతం ఉండాలనే అన్నారు.

ఎక్కువ గాయపడినవాళ్లే ఎక్కువ ఓపిక పట్టారు. దీన్ని మెతకతనం అనుకోకూడదు. ఈయన వెళ్లిపోతే మాకు ఒరిగేదేంటి, ఉండి పని చేస్తే ఏం వస్తుంది అని వాళ్లు లెక్క వేసుకున్నారని నా అభిప్రాయం. నార్తమ్ కూడా మిగిలిన మూడేళ్లూ జాతి వివక్ష మీదే పనిచేస్తానన్నారు. తర్వాత ఏం చేశారో కింద చెబుతాను. చేసినదాంతో చెరిగిపోతుందా అంటే, ఆ తీర్పు చెప్పాల్సింది గాయపడినవాళ్లే.

ఆ ఏడాది వర్జీనియా బీచ్‌లో ఏం జరిగింది?

మే 31, శుక్రవారం. నగరపాలక సంస్థలో ఇంజినీరుగా పనిచేసే ఒక వ్యక్తి ఆ రోజు ఉదయమే ఈమెయిల్‌లో రాజీనామా పంపాడు. సాయంత్రం నాలుగు దాటాక తన ఆఫీసున్న రెండో నంబర్ భవనంలోనే కాల్పులు మొదలుపెట్టాడు. 12 మంది చనిపోయారు. 11 మంది తోటి ఉద్యోగులు, ఇంకొకరు పర్మిట్ పని మీద వచ్చిన కాంట్రాక్టరు. పోలీసుల కాల్పుల్లో హంతకుడూ చనిపోయాడు. తుపాకులను చట్టబద్ధంగానే కొన్నాడు.

నార్తమ్ తుపాకీ చట్టాల కోసం జూలై 9న ప్రత్యేక సమావేశం పిలిచారు. కొనేవాళ్లందరి నేపథ్యం తనిఖీ చేయడం, ఎక్కువ తూటాలు పట్టే మ్యాగజైన్లను నిషేధించడం లాంటి ప్రతిపాదనలు సిద్ధంగా ఉన్నాయి. రిపబ్లికన్ మెజారిటీ గంటన్నరలో సభను వాయిదా వేసింది. ఒక్క బిల్లు మీదా ఓటింగ్ జరగలేదు. వాయిదా ఎప్పటికో చూడండి: నవంబర్ 18కి, అంటే ఎన్నికలయ్యాక. ముందు నేర విచారణ కమిషన్ అధ్యయనం చేయాలని వాళ్లు కారణం చెప్పారు. పన్నెండు కుటుంబాలు ఎదురుచూస్తున్నప్పుడు గంటన్నర చర్చకైనా నోచుకోకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అభిప్రాయభేదం ఉంటే సభలో ఓటేసి ఓడించవచ్చు, అందుకే కదా సభ ఉన్నది.

తుపాకీ హక్కుల కోసం పోరాడే జాతీయ రైఫిల్ సంఘం (ఎన్ఆర్ఏ) ప్రధాన కార్యాలయం ఉన్నది ఈ రాష్ట్రంలోని ఫెయిర్‌ఫాక్స్‌లోనే. అయినా ఆ ఎన్నికల్లో తుపాకీ నియంత్రణ కోరే సంస్థలు ఆ సంఘం కంటే ఎక్కువ ఖర్చు పెట్టాయి.

400 ఏళ్ల వేడుక దేనికి?

రెండింటికి. 1619 జూలై 30న జేమ్స్‌టౌన్ చర్చిలో వలస రాజ్యపు ప్రతినిధులు మొదటిసారి సమావేశమయ్యారు. నేటి వర్జీనియా శాసనసభ తన పుట్టుకను అక్కడి నుంచే లెక్కపెట్టుకుంటుంది. అదే ఏడాది ఆగస్టు చివర్లో పాయింట్ కంఫర్ట్ దగ్గర, ఇప్పటి హాంప్టన్‌లో, వైట్ లయన్ అనే ఓడ ఆగింది. అంగోలా నుంచి పట్టి తెచ్చిన ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లను ఆ ఓడవాళ్లు తిండి సరుకుల కోసం అమ్మేశారు. ప్రజాస్వామ్యం, బానిసత్వం రెండూ కొన్ని వారాల తేడాతో ఒకే తీరాన మొదలయ్యాయి.

జూలై వేడుకకు అధ్యక్షుడు ట్రంప్ వచ్చారు. నల్లజాతి శాసనసభ్యుల బృందం ఆ కార్యక్రమాన్ని బహిష్కరించింది. డెలిగేట్ ఇబ్రహీం సమీరా ప్రసంగం మధ్యలో లేచి ప్లకార్డు చూపించి నిరసన తెలిపారు. ఆగస్టులో ఫోర్ట్ మన్రోలో జరిగిన కార్యక్రమంలో నాలుగు శతాబ్దాలకు గుర్తుగా నాలుగు నిమిషాలు గంటలు మోగించారు.

మ్యాపు గురించి కోర్టు తీర్పు అన్నారు, అదేంటి?

నాకు ఆ ఏడాదంతటిలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. టీవీలో కనిపించింది మాత్రం చాలా తక్కువ.

పదేళ్లకోసారి జనాభా లెక్కల తర్వాత నియోజకవర్గాల హద్దులు మళ్లీ గీస్తారు. భారతదేశంలో ఆ పని డీలిమిటేషన్ కమిషన్ చేస్తుంది. వర్జీనియాలో అప్పటికి శాసనసభే, అంటే గెలిచిన పార్టీయే గీసేది. 2011లో గీసిన హౌస్ మ్యాపులో 11 నియోజకవర్గాల్లో నల్లజాతి ఓటర్లను కావాలని కుక్కి, పక్క నియోజకవర్గాల్లో వాళ్ల బలం లేకుండా చేశారని ఓటర్లు కేసు వేశారు. 2018 జూన్‌లో ఫెడరల్ కోర్టు అది నిజమేనంది. కోర్టు నియమించిన నిపుణుడు కొత్త హద్దులు గీశాడు. సుమారు పాతిక నియోజకవర్గాలు మారిపోయాయి.

రిపబ్లికన్ల ఆధ్వర్యంలోని హౌస్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2019 జూన్ 17న 5-4 తీర్పు వచ్చింది. రాష్ట్రం తరఫున అప్పీలు చేయాల్సింది అటార్నీ జనరల్, ఆయన చేయనన్నప్పుడు ఒక్క సభకు ఆ హక్కు లేదు, అంతే. తీర్పు రాసింది జస్టిస్ గిన్స్‌బర్గ్. ఆమెతో చేరినవాళ్లలో కన్జర్వేటివ్ జడ్జీలు థామస్, గోర్సచ్ కూడా ఉన్నారు. కొత్త మ్యాపు నిలిచింది. ఫిబ్రవరిలో హెరింగ్ రాజీనామా చేసి ఉంటే, ఆ స్థానంలో ఎవరు కూర్చోవాలో అప్పటి రిపబ్లికన్ శాసనసభే తేల్చేది. అప్పుడు ఈ కేసు ఇలాగే ముగిసేదా అన్నది ఆలోచించాల్సిన విషయం.

నవంబర్ ఫలితాలు ఎలా వచ్చాయి?

నవంబర్ 5న సుమారు 42 శాతం మంది ఓటేశారు. హౌస్‌లో డెమోక్రాట్లకు 55, రిపబ్లికన్లకు 45. సెనేట్‌లో 21-19. గవర్నర్ పదవి, రెండు సభలు కలిపి డెమోక్రాట్ల చేతికి రావడం పాతికేళ్లకు పైగా తర్వాత అదే మొదటిసారి. ఫిబ్రవరిలో ముగ్గురు పెద్ద నాయకులు అంతలా పరువు పోగొట్టుకున్న పార్టీయే నవంబర్‌లో గెలిచింది.

2011 మ్యాపు రూపశిల్పిగా పేరున్న క్రిస్ జోన్స్ కొత్త హద్దుల్లో ఓడిపోయారు. ఆయన బడ్జెట్ కమిటీకి అధ్యక్షుడు, రెండు దశాబ్దాలుగా సభలో ఉన్న మనిషి. స్పీకర్ కాక్స్ తన సీటు నిలబెట్టుకున్నారు గానీ స్పీకర్ పదవి పోయింది. ఐలీన్ ఫిల్లర్-కార్న్ వర్జీనియా చరిత్రలో తొలి మహిళా స్పీకర్ అయ్యారు. షెల్లీ సైమండ్స్ ఈసారి లాటరీ అవసరం లేకుండా యాన్సీని ఓడించారు.

హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ గెలిచింది ఆ ఎన్నికల్లోనేనా?

అవును. ఆమె 1964లో హైదరాబాద్‌లో పుట్టారు. నాలుగేళ్ల వయసులో కుటుంబంతో జార్జియా రాష్ట్రానికి వచ్చారు. ఇంగ్లిష్ సాహిత్యంలో డాక్టరేట్ చేసి, రిచ్‌మండ్ ప్రాంతంలోని కమ్యూనిటీ కాలేజీలో ఏళ్ల తరబడి పనిచేశారు. 2017లో ముస్లిం దేశాల ప్రయాణికుల మీద ట్రంప్ నిషేధం పెట్టాక రాజకీయాల్లోకి రావాలనుకున్నానని ఆమే చెప్పారు. 2019లో రిచ్‌మండ్ శివార్లు కలిసిన పదో సెనేట్ స్థానంలో అప్పటి సెనేటర్ గ్లెన్ స్టర్ట్‌వెంట్‌ను ఓడించి, వర్జీనియా సెనేట్‌లో తొలి ముస్లిం మహిళ అయ్యారు. 2025 నవంబర్‌లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. అమెరికాలో రాష్ట్రస్థాయి పదవికి ఎన్నికైన తొలి ముస్లిం మహిళ ఆమే.

లౌడన్ వైపు ఉన్నవాళ్లకు ఇంకో పేరు కూడా తెలిసే ఉంటుంది. సుహాస్ సుబ్రమణ్యం 2019లోనే హౌస్ ఆఫ్ డెలిగేట్స్‌కు గెలిచారు. ఒబామా హయాంలో వైట్‌హౌస్‌లో టెక్నాలజీ సలహాదారుగా పనిచేసిన ఆయన 2024లో అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికయ్యారు. ఇద్దరూ మెట్టు మెట్టుగా ఎక్కారు, మొదటి మెట్టు బేసి సంవత్సరపు ఎన్నికే.

గొడవలు సరే, మామూలు జనానికి ఆ ఏడాది ఏం మారింది?

జనవరి 1న మెడికెయిడ్ విస్తరణ అమల్లోకి వచ్చింది. సుమారు 4 లక్షల మంది తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఆరోగ్య బీమా పొందే అర్హత వచ్చింది. ఆ ఏడాది ఇంకేం జరగకపోయినా ఈ ఒక్కటి చాలు గుర్తుపెట్టుకోవడానికి.

అమెజాన్ రెండో ప్రధాన కార్యాలయం ఆర్లింగ్టన్‌కు రావడానికి 75 కోట్ల డాలర్ల వరకు ప్రోత్సాహకాలిచ్చే బిల్లు మీద నార్తమ్ ఫిబ్రవరి 5న సంతకం పెట్టారు, రాజీనామా డిమాండ్లు మిన్నంటుతున్న రోజుల్లోనే. జూలై 1 నుంచి సిగరెట్లు, వేపింగ్ సరుకులు కొనడానికి కనీస వయసు 21 అయింది. శరదృతువులో పన్ను కట్టినవాళ్లకు ఒక్కరికి 110, దంపతులకు 220 డాలర్ల వరకు చెక్కులు వచ్చాయి.

ఎన్నికల తర్వాత 'శాంక్చువరీ' తీర్మానాలని వినిపించింది, అవేంటి?

డెమోక్రాట్లు గెలవగానే తుపాకీ చట్టాలు కఠినమవుతాయని గ్రామీణ కౌంటీలు ఆందోళన చెందాయి. అలాంటి చట్టాలను మా దగ్గర అమలు చేయం అనే అర్థం వచ్చేలా తీర్మానాలు చేశాయి. డిసెంబర్ చివరికి వందకు పైగా కౌంటీలు, నగరాలు, పట్టణాలు ఇలా చేశాయి. మీటింగ్ హాళ్లు నిండి జనం బయట కూడా నిలబడ్డారు. చట్టపరంగా వాటికి విలువ లేదని అటార్నీ జనరల్ డిసెంబర్ 20న చెప్పారు. అయినా వాటిని కొట్టిపారేయకూడదు. ఓడిపోయిన సగం రాష్ట్రం కౌంటీ బోర్డుల దగ్గరికి వెళ్లి తన మాట వినిపించింది. 2020 జనవరి 20న రిచ్‌మండ్‌లో దాదాపు 22,000 మంది తుపాకీ హక్కుల ర్యాలీ చేశారు. హింస జరుగుతుందని అందరూ టెన్షన్ పడ్డారు కానీ ప్రశాంతంగా ముగిసింది.

ఆ ఎన్నికల ఫలితంగా తర్వాత ఏమేం జరిగాయి?

2020 జనవరిలో మహిళల సమాన హక్కుల రాజ్యాంగ సవరణకు వర్జీనియా ఆమోదం తెలిపింది, అలా చేసిన 38వ రాష్ట్రం ఇది. తుపాకీ కొనేవాళ్ల నేపథ్య తనిఖీ చట్టమైంది. కారణం చెప్పకుండానే 45 రోజుల ముందు నుంచి ఓటేసే వీలు వచ్చింది. దక్షిణాది సేనానుల పేరున్న లీ-జాక్సన్ డే సెలవు తీసేసి, ఎన్నికల రోజును సెలవు చేశారు. నియోజకవర్గాల హద్దులు గీసే పనిని ఒక కమిషన్‌కు అప్పగించే సవరణను 2020 నవంబర్‌లో ఓటర్లు భారీ మెజారిటీతో ఆమోదించారు.

2021 మార్చిలో నార్తమ్ మరణశిక్షను రద్దు చేసే చట్టం మీద సంతకం పెట్టారు. చరిత్రలో అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ మందికి మరణశిక్ష అమలు చేసింది వర్జీనియా. దక్షిణాదిలో దాన్ని ముందుగా రద్దు చేసిందీ అదే. ఆ సెప్టెంబర్ 8న రిచ్‌మండ్‌లో జనరల్ లీ విగ్రహాన్ని దించేశారు. అదే ఏడాది చివర్లో గ్లెన్ యంగ్‌కిన్ గెలిచి గవర్నర్ పదవి రిపబ్లికన్లకు వెళ్లింది, హౌస్ కూడా.

గ్రీన్ కార్డు ఉంది, రాష్ట్ర ఎన్నికల్లో ఓటేయవచ్చా?

వేయకూడదు. రాష్ట్ర, కౌంటీ ఎన్నికల్లో కూడా పౌరులకే ఓటు. డీఎంవీలో (వాహనాల శాఖ ఆఫీసులో) లైసెన్సు పని మీద వెళ్లినప్పుడు పౌరసత్వం, ఓటరు నమోదు గురించిన ప్రశ్నలు వస్తాయి. హెచ్‌1బీ మీద ఉన్నా, గ్రీన్ కార్డు ఉన్నా అక్కడ తొందరపడి టిక్ పెట్టకండి, ఇమిగ్రేషన్‌లో పెద్ద చిక్కే అవుతుంది. ఓటు లేకపోయినా కౌంటీ బోర్డు, స్కూల్ బోర్డు మీటింగులకు వెళ్లి పేరు రాయించుకుని మాట్లాడవచ్చు, మీ డెలిగేట్ ఆఫీసుకు ఫోన్ చేయవచ్చు. మీ డెలిగేట్, సెనేటర్ ఎవరో వర్జీనియా శాసనసభ వెబ్‌సైట్‌లో ఇంటి అడ్రసు కొడితే తెలుస్తుంది.